బస్సు ఇంట్లో లోపలి గోడలు

ప్రయాణికుల బస్సులోంచి సీట్లు తీసేసి దాన్ని నివాసంగా మార్చేటప్పుడు లోపల రెండు రకాల గోడలు వస్తాయి. మొదటిది పక్క అస్తరు. బయటి రేకుకు, ఇంట్లో ఉండే మనిషికి మధ్య వేడిని, చప్పుడును, తేమను ఆపే పొర ఇది. రెండోది అడ్డగోడ. పడక, వంటచోటు, స్నానాలగది వేటికవిగా ఉండేలా విడదీసేది ఇది. రెంటిలో ఏదీ పైకప్పును మోయదు. ఆ పని బస్సు చట్రానిదే. అయితే రోడ్డు మీది కుదుపును, బ్రేకు వేసినప్పటి తోపును, మలుపులో పక్కకు లాగే ఒత్తిడిని మాత్రం ఈ గోడలు తట్టుకోవాలి. నేలమీది ఇంటి గోడ తన బరువుతో నిలబడుతుంది, బస్సులో గోడను నిలబెట్టేది బిగింపు. ఈ పనిలోని మెళకువలన్నీ ఈ తేడాలోంచి వచ్చినవే.

నేపథ్యం

చక్రాల మీద గది కట్టుకోవడం కొత్త సంగతి కాదు. 1885లో ఇంగ్లండులో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత తన విహారాల కోసం గుర్రాలు లాగే ‘ది వాండరర్’ అనే చెక్క బండిని చేయించుకున్నాడు. అమెరికాలో 1964లో రచయిత కెన్ కేసీ బృందం 1939 నాటి స్కూలు బస్సులో పడకలు అమర్చుకుని దేశం చుట్టింది. 1971లో స్టీఫెన్ గాస్కిన్ వెంట బస్సుల బిడారుగా వెళ్లినవాళ్లు టెనెసీ రాష్ట్రంలో ‘ది ఫార్మ్’ అనే సమష్టి గ్రామాన్ని నెలకొల్పారు. వాళ్లలో చాలామంది మొదట్లో ఆ బస్సుల్లోనే కాపురం ఉన్నారు.

తెలుగునాట వాహనం నివాసంగా మారడం జనం కళ్లారా చూసింది 1982లో. ఆ ఏడాది మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన ఎన్.టి. రామారావు, పాత షెవర్లే వ్యానును బాగుచేయించి ‘చైతన్య రథం’గా మార్చి రాష్ట్రమంతా తిరిగారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. పైకప్పు మీద ఉపన్యాస వేదిక, లోపల విశ్రాంతి చోటు. ఒక్క బండిలో రెండు అవసరాలు తీరాయి. 1983 జనవరి 9న రామారావు ముఖ్యమంత్రి అయ్యాక ప్రచార రథం అన్నది మన రాజకీయాల్లో స్థిరపడిపోయింది. సినిమా షూటింగుల దగ్గర కనిపించే క్యారవాన్లు దీనికి మరో రూపం. మేకప్ అద్దం, పడక, టాయిలెట్ అన్నీ పలచటి అడ్డగోడల మధ్య ఇమిడి ఉంటాయి. 2020లో కోవిడ్ పరీక్షల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్టీసీ ఇంద్ర ఏసీ బస్సులను ‘సంజీవని’ పేరుతో నమూనాలు సేకరించే కేంద్రాలుగా మార్చింది. బస్సు మార్పిడిలో సీట్లు తీయడం తేలికని, ఆ ఖాళీని పనికొచ్చేలా పంచడమే అసలు పని అని ఆ బస్సులు చూపించాయి.

తెలుగునాటే పల్నాడు ప్రాంతానికి చక్రాల మీది కట్టడంతో ఇంకో పరిచయం ఉంది. మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు తరలివస్తాయి. వెదురు, కర్రతో కట్టి, గుడ్డా కాగితాలూ తొడిగి, దీపాలు అలంకరించిన ఆ ఎత్తయిన చట్రం కదిలే బండి మీద నిలబడాలంటే పైభాగం తేలికగా, అడుగు బరువుగా, కట్లు గట్టిగా ఉండాలి. బస్సు లోపల గోడ కట్టే వడ్రంగి పాటించేదీ ఇదే సూత్రం.

బస్సు ఒళ్లు ఎలా ఉంటుంది

మన రోడ్ల మీది బస్సుల్లో చాలావాటికి చాసిస్ ఒకచోట, బాడీ మరోచోట తయారవుతాయి. చాసిస్ వచ్చాక ఆర్టీసీ వర్క్‌షాపుల్లోనో, ప్రైవేటు బాడీ బిల్డింగు షెడ్లలోనో పైభాగం కడతారు. హైదరాబాదులోని మియాపూర్ బాడీ యూనిట్, విజయవాడ జవహర్ ఆటోనగర్ ఈ పనికి పేరుపడ్డాయి. చాసిస్ మీద అడ్డదూలాలు, వాటిమీద ఫ్లోరు, రెండు పక్కలా నిలువు పిల్లర్లు, పైన ఒక పక్క నుంచి మరో పక్కకు వంగే కమాన్లు, వీటన్నిటినీ పొడవునా కలిపే పట్టీలు ఉంటాయి. ఈ పంజరానికి బయట ఇనుప రేకో అల్యూమినియం రేకో రివిట్లతో, వెల్డింగుతో అతుకుతారు. లోపల పలచటి ప్లైవుడ్ లేదా లామినేటు పలకలు ఉంటాయి.

నిబంధనల ప్రకారం వాహనం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. పక్క గోడల మందం పోగా లోపల దొరికేది సుమారు 2.3 మీటర్లు. ఇందులో అస్తరు రెండు పక్కలా 4 సెంటీమీటర్ల చొప్పున తింటే 8 సెంటీమీటర్లు పోతాయి. మనిషి నడవడానికి 55 నుంచి 60 సెంటీమీటర్ల దారి వదిలితే, మిగతా దాంట్లోనే మంచం, పొయ్యిగట్టు, స్నానాలగది సర్దాలి. పల్లెటూరి ఇంట్లో గోడ ఒక అంగుళం అటూఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. బస్సులో ఆ అంగుళం తేడా వస్తే తలుపు తెరుచుకోదు.

అడ్డగోడ ఎక్కడ రావాలన్నది పిల్లర్లను బట్టి తేల్చుకోవాలి. కిటికీ మధ్యలోకి గోడ వస్తే బిగించడానికి ఆధారం ఉండదు, పైగా ఆ అద్దం తెరవడానికీ తుడవడానికీ వీలుండదు. అందుకని ముందు పిల్లర్లను నేలమీద సుద్దముక్కతో గుర్తుపెట్టి, గదుల కొలతలను వాటికి తగ్గట్టు జరుపుకుంటారు.

బరువు లెక్క

పల్నాడులోని మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతమంతా సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మాచర్ల సిమెంటుకు మూలం అదే. నాపరాళ్లు ఇక్కడ నేలకు పరుస్తారు, ప్రహరీగా పాతుతారు, అరలు చేస్తారు. ఈ ఊళ్లలో గట్టి గోడ అంటే బరువైన గోడ. బస్సులోకి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది.

ఎత్తు 2 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు ఉన్న ఒక అడ్డగోడను తీసుకుందాం. విస్తీర్ణం 3.2 చదరపు మీటర్లు. దాన్ని నాలుగున్నర అంగుళాల ఇటుకతో కడితే ప్లాస్టరింగు కాకుండానే 600 కిలోలు దాటుతుంది. 40 మిల్లీమీటర్ల నాపరాయి నిలబెడితే 330 కిలోల పైమాట. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒక్కటే అయితే 25 కిలోల దగ్గర ఆగుతుంది. రెండు 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకల మధ్య థర్మాకోల్ పెడితే పలకల బరువు 16 కిలోలే. అంగుళం స్క్వేర్ పైపు చట్రం 10 మీటర్లు వాడినా ఇంకో 12 కిలోలు కలుస్తాయి.

మొత్తం బరువు ఎంతన్నదే కాదు, అది ఎక్కడ పడుతుందన్నదీ చూడాలి. బరువంతా ఒక పక్క చేరితే ఆ పక్క చక్రాల స్ప్రింగు పట్టీలు కుంగి బస్సు ఒరుగుతుంది. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు ఒక వైపు ఉంటే వంటగట్టు, బీరువా రెండో వైపు పెడతారు. పైకప్పు కింద వేలాడే అల్మరాల్లో ఇత్తడి సామాను పెట్టకుండా దుప్పట్లు పెట్టడానికి కారణం కూడా ఇదే. ఎత్తున బరువు పెరిగితే మలుపులో బండి ఎక్కువగా వాలుతుంది.

వేడిని ఆపే అస్తరు

పల్నాడులో బస్సు ఇంటికి మొదటి శత్రువు ఎండ. ఆంధ్రప్రదేశ్‌లో ఎండ తీవ్రత అనగానే ఏటా వినిపించే పేరు రెంటచింతల. ఎండలో నిలిపిన బస్సు రేకు చెయ్యి పెట్టనివ్వదు. ఇనుము థర్మాకోల్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని లోపలికి పంపుతుంది. అందుకని అస్తరును మూడు పొరలుగా ఆలోచిస్తారు. రేకుకు ఆనుకుని వేడిని ఆపే పదార్థం, దాన్ని పట్టి ఉంచే రీపర్ల చట్రం, దానిమీద కంటికి కనిపించే పలక.

వేడిని ఆపే పదార్థాల్లో థర్మాకోల్ చవక. అయితే దీనితో ఒక చిక్కుంది. లామినేటు అతికించడానికి వాడే ఘాటైన రబ్బరు జిగురు పూస్తే థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. నీటి ఆధారిత జిగురో, ఇరుకుగా కోసి దూర్చడమో దీనికి మార్గం. గ్లాస్ ఊల్‌కు నిప్పు అంటదు. కానీ కుదుపులకు కిందికి జారి పోగుపడి పైన ఖాళీ మిగులుతుంది, తడిస్తే పనికిరాదు. పాలీయురెథేన్ ఫోమ్ పిచికారీ చేస్తే మూలమూలకూ చేరుతుంది, వేడిని బాగా ఆపుతుంది. కానీ తర్వాత రేకు తుప్పు పడితే చూసే వీలుండదు, తీసేయడం కష్టం, మంటకు విషపు పొగ వస్తుంది.

ఎంత మంచి పదార్థం పెట్టినా ఇనుప పిల్లరు నేరుగా లోపలి పలకను తాకితే వేడి ఆ దారినే వస్తుంది. మధ్యాహ్నం గోడ మీద అరచెయ్యి ఆనించుకుంటూ పోతే పిల్లరు ఉన్నచోటల్లా నిలువు చారలా వేడి తగులుతుంది. పిల్లరుకూ పలకకూ మధ్య చెక్క రీపరో, రబ్బరు పట్టీయో పెడితే ఈ చార పోతుంది. పైకప్పు మీద తెల్ల రంగు వేయడం, కింద అస్తరు మందంగా కొట్టడం పక్క గోడల కంటే ముందు చేయాల్సిన పని. ఎండ నేరుగా పడేది అక్కడే.

వానాకాలంలో సమస్య మారుతుంది. పాత బస్సు పైకప్పులో రివిట్ల చుట్టూ, కిటికీ రబ్బర్ల కింద నీరు కారుతుంది. అస్తరు కొట్టకముందే బస్సు మీద గొట్టంతో నీళ్లు పోసి, లోపల దీపం పట్టుకుని కారే చోట్లు వెతికి సీలెంటు పూయాలి. పలక బిగించాక బయటపడిన చెమ్మకు మందు గోడ విప్పడం ఒక్కటే.

అడ్డగోడ కట్టే తీరు

నేలమీది ఇంట్లో గోడ నిటారుగా ఉందో లేదో తూకం గుండు చెబుతుంది. బస్సులో ఆ గుండును నమ్మకూడదు. నేల ఏ పక్కకో వాలి ఉంటుంది, టైర్లలో గాలి తేడా ఉంటుంది. బస్సు ఫ్లోరుకు మూలమట్టం పెట్టి చూసి, దానికి లంబంగా గోడ నిలబెడతారు. రేపు బండి ఏ నేలమీద ఆగినా గది బస్సుతో పాటే కుదురుగా ఉంటుంది.

తర్వాతి చిక్కు వంపు. బస్సు పక్క గోడ కిందినుంచి కిటికీ దాకా కాస్త నిటారుగా పోయి, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగి కమానులో కలుస్తుంది. పలకను అదే వంపులో కోయడానికి ముందు అట్టముక్క మీద నమూనా తీస్తారు. అట్టను గోడకు వీలైనంత దగ్గరగా నిలబెట్టి, కంపాసు కాళ్లను రెండు అంగుళాలకు తెరిచి, ముల్లున్న కాలును బస్సు గోడ వెంట కిందినుంచి పైకి జారుస్తారు. పెన్సిలున్న కాలు అదే వంపును అట్టమీద గీస్తుంది. పట్టీ, స్క్రూ తల, వైరు గొట్టం ఎక్కడ పొడుచుకొచ్చినా గీత ఉబ్బుతుంది. ఆ గీత మీద అట్టను కోసి, పెట్టి చూసి, తేడా ఉంటే మళ్లీ గీసి, సరిపోయిందనుకున్నాకే ప్లైవుడ్ మీద రంపం పెడతారు. నమూనా అట్టను పారేయరు. కుడి పక్క వంపు ఎడమ పక్కకూ సరిపోవచ్చు, ఒక్కోసారి సరిపోదు.

పలకను బస్సు వంపుకు బిగుసుగా ఆనించకుండా 5, 6 మిల్లీమీటర్ల సందు వదిలి రబ్బరు బీడింగుతో మూస్తారు. దీనికి కారణం బస్సు మెలితిరగడం. ఒక చక్రం గుంటలో దిగినప్పుడు బాడీ మొత్తం ఆ మూలకు కొద్దిగా మెలిపడుతుంది. చదరంగా ఉన్న చట్రం ఆ క్షణంలో ఐమూలగా లాగబడుతుంది. నాలుగు వైపులా జిగురుతో, వెల్డింగుతో బిగిసిపోయిన గోడ ఆ లాగుడుకు మూలల్లో పగులుతుంది, లేకపోతే వెల్డింగు విడుతుంది. అందుకని అడుగును ఫ్లోరులోని అడ్డదూలానికి బోల్టులతో గట్టిగా పట్టించి, ఒక పక్కను పిల్లరుకు బిగించి, పైభాగాన్ని పొడవాటి రంధ్రాల్లో రబ్బరు వాషర్లతో పట్టిస్తారు. గోడ పడిపోదు, బస్సు కదిలినంత మేర కదలగలదు.

స్క్రూను నేరుగా రేకులోకి దించితే నాలుగు రోజుల కుదుపుకు రంధ్రం పెద్దదై ఊడిపోతుంది. మిల్లీమీటరు మందం రేకులో మరకు పట్టు దొరకదు. రివిట్ నట్టు, వెనక ఇనుప పట్టీ, వదులు కాని నైలాన్ నట్టు ఇక్కడ పనికొస్తాయి. గట్టిగా బ్రేకు వేస్తే 100 కిలోల బీరువా ముందుకు 50 కిలోల తోపు ఇస్తుంది. బీరువాను అడ్డగోడకే తగిలిస్తే ఆ తోపంతా గోడ మోయాలి. బరువైన సామానును ఫ్లోరుకూ పిల్లరుకూ విడిగా బిగించి, గోడను తెరగానే ఉంచాలి.

పలకల ఎంపిక

ప్లైవుడ్‌లో ఐఎస్ 303 గుర్తు సాధారణ రకానిది, ఐఎస్ 710 నీటిని తట్టుకునే మెరైన్ రకానిది, ఐఎస్ 5509 మంట త్వరగా అంటనిది. పొడి గదులకు 6 నుంచి 9 మిల్లీమీటర్లు, తలుపు వేలాడేచోట 12 మిల్లీమీటర్లు సరిపోతాయి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు నున్నగా ఉన్నా చెమ్మకు ఉబ్బుతాయి, కుదుపుకు స్క్రూ పట్టు వదులుతుంది. ఇంటి సీలింగుకు వాడే జిప్సం బోర్డు బస్సులో అతుకుల దగ్గర పగుళ్లు తీస్తుంది. అల్యూమినియం కాంపోజిట్ షీటు తేలిక, తుడిస్తే శుభ్రపడుతుంది. అయితే మామూలు రకంలో మధ్య పొర ప్లాస్టిక్, మంటకు కరుగుతుంది. రెక్సిన్, ఫోమ్ కలిపి కుట్టిన తొడుగు చప్పుడు తగ్గిస్తుంది, వంపుల మీద బాగా కూర్చుంటుంది.

తడిగది

స్నానాలగదికి పింగాణీ టైల్సు వేయాలని చాలామందికి ఉంటుంది. కానీ మెలితిరిగే గోడ మీద టైల్సు మధ్య పూత పగిలి నీరు వెనక్కి దిగుతుంది. ఫైబర్‌గ్లాస్ పొర, పీవీసీ పలక దీనికి తగినవి. కింద ఫైబర్‌గ్లాస్ తొట్టెలాంటి అడుగు వేసి, దాని అంచును గోడ పలక లోపలివైపు పైకి మడిచి, పలక ఆ అంచు మీదుగా కిందికి దిగేలా చేస్తే కారిన నీరు తొట్టెలోకే పోతుంది. ఈ గదిని వెనక చక్రం గూడు మీద పెడితే ఆ ఎత్తు కూర్చునే దిమ్మెగా పనికొస్తుంది, బరువూ ఇరుసు దగ్గరే పడుతుంది.

తీగలు, గొట్టాలు

గోడ మూసేముందు తీగలు వేయాలి. బస్సు సొంత 24 వోల్టుల తీగలు, ఇంటి దీపాల తీగలు, బయటి కరెంటు తెచ్చే 230 వోల్టుల తీగలు వేర్వేరు గొట్టాల్లో పోవాలి. ఇనుప పిల్లరులో రంధ్రం చేసి తీగ దూర్చిన ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. లేకపోతే రేకు అంచు బండి నడిచిన ప్రతి కిలోమీటరూ తీగ తొడుగును కోస్తూనే ఉంటుంది. పలక బిగించేముందు టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకుంటే, తర్వాత ఏ రంధ్రం ఎక్కడ వేయవచ్చో తెలుస్తుంది.

నిప్పు

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. 2024 మే నెలలో చిలకలూరిపేట దగ్గర టిప్పర్‌ను ఢీకొన్న బస్సు మంటల్లో చిక్కుకుని ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బస్సులో మంట పాకే వేగం ముందు మనిషికి దొరికే సమయం తక్కువ. లోపలి సామగ్రి మీద మంట ఎంత వేగంగా పాకుతుందో పరీక్షించడానికి ఐఎస్ 15061 ప్రమాణం ఉంది.

ప్రయాణికుల బస్సులో ఎవరైనా ఏ కిటికీకైనా చేరగలరు. అడ్డగోడలు వచ్చాక ఆ వీలు పోతుంది. కాబట్టి పడకగది వెనక ఉంటే దానికి విడిగా బయటపడే దారి ఉండాలి, అత్యవసర ద్వారాన్ని అల్మరాతో మూయకూడదు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలమట్టంలో పేరుకుంటుంది. సిలిండరు అరకు తలుపు బయటినుంచే ఉండి, అడుగున గాలి పోయే రంధ్రాలు ఉండి, ఇంటివైపు గోడ పూర్తిగా మూసి ఉండాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. బస్సు బాడీకి ఏఐఎస్–052, మోటారు క్యారవాన్లకు ఏఐఎస్–124 ప్రమాణాలు ఉన్నాయి. రోడ్డు మీద నడిపే బస్సు ఇల్లు ఈ నిబంధనలకు లోబడి, రవాణా శాఖ అనుమతితో, రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పు నమోదయ్యాకే రోడ్డెక్కాలి. పనికి ముందే రవాణా కార్యాలయానికి వెళ్లడం మేలు. గోడలు కట్టాక తీయించడం కట్టడం కంటే ఖర్చు.

నడిచే బస్సు, నిలిపిన బస్సు

ప్రభుత్వ రంగంలో 15 ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు. అలాంటి బస్సులు మళ్లీ రోడ్డెక్కవు. పొలంలోనో, తోటలోనో నిలిపి ఇల్లుగా వాడే బస్సుకు గోడల పని తేలిక. మెలితిరగడం ఉండదు, పలకలు మందంగా వేసుకోవచ్చు. కానీ మరో రెండు సమస్యలు వస్తాయి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. టైర్ల మీదే వదిలిన బస్సు ఏటా ఒక పక్కకు కుంగి, తలుపులు పట్టేస్తాయి. చాసిస్ కింద గట్టి అడుగు మీద దిమ్మెలు కట్టి బస్సును వాటిమీద నిలపాలి. ఆ దిమ్మెల గుండా పైకి పాకే చెదలు ప్లైవుడ్ దాకా రాకుండా మందు కొట్టాలి, ఇనుప పలక అడ్డం పెట్టాలి. నాపరాయి, సున్నం, సిమెంటుకు కరువు లేని పల్నాడు జిల్లాలో నిలిపిన బస్సుకు అడుగు రాతితో, లోపలి గోడ చెక్కతో రావడం సహజం.

నిర్వహణ

నడిచే బస్సు ఇంట్లో కొత్త గోడ పరీక్ష మొదటి ప్రయాణంతో మొదలవుతుంది. తిరిగి రాగానే నట్లన్నీ ఒకసారి బిగించి, తలుపుల సందులు సమంగా ఉన్నాయో చూసి, కిర్రుమనే చోట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఆ శబ్దం దాదాపు ఎప్పుడూ చెక్క చెక్కను, లేదా చెక్క ఇనుమును రాసుకోవడం వల్లే వస్తుంది. మధ్యలో పలచటి రబ్బరు పట్టీ పెడితే పోతుంది. అస్తరు పలకలను జిగురుతో శాశ్వతంగా అతికించకుండా స్క్రూలతో బిగించడం మంచి అలవాటు. ఏడాదికోసారి వానలకు ముందు కింది వరుస పలకలు రెండు మూడు విప్పి, రేకు తుప్పు పట్టిందా, అస్తరు తడిసిందా అని చూసుకుంటే మిగతా గోడ సంగతి తెలిసిపోతుంది. తుప్పు కనిపిస్తే అంతవరకు గీకి, ప్రైమరు పూసి, నీరు వచ్చిన దారి మూశాకే పలకను తిరిగి బిగించాలి.